రేకు పెట్టని కొలత

ఆమెకు వాచీ ఉండేది కాదు. ల్యాబులో గోడ గడియారం ఉన్నా అటు చూసేది కాదు. తలుపు పక్కన మేకుకి తగిలించిన తేమ మీటరు చూసేది. పొద్దున్నే వచ్చి, చెప్పులు బయట విడిచి, కొంగు నడుముకి దోపుకుని, ముందు దాని ఎదుట కాసేపు నిలబడేది. ఆ తర్వాతే మాతో మాట. "ఇవాళ గాలి బాగాలేదు, గ్లాసులు కడుక్కోండి" అందంటే ఆ రోజుకి సోలార్ సెల్ చెయ్యడం లేనట్టే. బాపట్లకి సముద్రం ఎంతో దూరం కాదు. మేము చేసే సెల్స్‌కి తడిగాలి తగిలితే, నల్లగా నిగనిగలాడే పొర సాయంత్రానికి పసుపు రంగుకి తిరిగిపోతుంది. "దీనికి కామెర్లొచ్చినయ్" అని ఆ గాజుపలకను వెలుతురుకి పట్టి చూసి, విసుక్కోకుండా పక్కన పెట్టేది.

మొన్న మధ్యాహ్నం తెనాలిలో మా కాలేజీ స్టాఫ్ రూములో ఉండగా ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు.

"అక్క పోయిందండి. డెంగ్యూ అన్నారు. గుంటూరు తీసుకెళ్ళాం గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. మీ నంబరు అక్క ఫోన్లో ఉంది. చెప్పాలనిపించి చేశాను. రేపు పొద్దున్న భూస్థాపన."

వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆమెతో నేను మాట్లాడి ఏళ్ళయింది. మాట్లాడిన ఆఖరిసారి కూడా మంచిగా విడిపోలేదు. నా నంబరు ఆమె ఫోన్లో ఉందన్న సంగతే నాకు కొత్త. ఆ సాయంత్రం క్లాసులో ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

నేను రీసెర్చికి చేరినప్పుడు ఆమె ఆ ల్యాబులో అందరికంటే సీనియర్. మా గైడు గారి దగ్గర మొట్టమొదట పీహెచ్‌డీ చేసింది ఆమే. చేసిన తర్వాత కూడా అక్కడే కాంట్రాక్టు ఉద్యోగంలో ఉండిపోయింది. రేపల్లెకి ఇవతల, నగరం అనే ఊరి దగ్గర ఒక పల్లె ఆమెది. నాన్న మిషన్ స్కూల్లో టీచరు, ఆమె చిన్నప్పుడే పోయాడు. పీజీ అయ్యాక ఏం చెయ్యాలో తోచక ఇంట్లో ఉంటే, ఏదో సెమినార్‌లో ఆమె అడిగిన ప్రశ్న గుర్తు పెట్టుకుని మా సార్ కబురు చేసి మరీ పిలిపించారట. ఆ మాట ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా, "అంతమందిలో నా ప్రశ్న గుర్తు పెట్టుకున్నారు సార్" అని ఒకే తీరుగా ముగించేది.

ల్యాబులో నేను "మేడమ్" అనేదాన్ని. శనివారం సాయంత్రం రైలెక్కాక "అక్కా" అనేదాన్ని. ఇద్దరం బాపట్లలో వేరు వేరు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. నేను తెనాలిలో దిగి ఇంటికి పోతే, ఆమె అక్కడే రేపల్లె ప్యాసింజర్ కోసం కూర్చునేది. బాపట్ల నుంచి వాళ్ళ ఊరికి బస్సులో పోతే తొందరగా పోవచ్చు. ఆమె మాత్రం తెనాలి దాకా వచ్చి, అక్కణ్నుంచి రేపల్లె వెళ్ళి, మళ్ళీ ఆటో పట్టుకుని వెనక్కి వచ్చేది. "బస్సెక్కితే కడుపులో తిప్పుద్దే. రైల్లో అయితే నిమ్మళంగా కూర్చోవచ్చు, ఆలోచించుకోవచ్చు" అనేది.

ఒకసారి రైల్లో మా ఎదురుగా కూర్చున్న పెద్దాయన, పొన్నూరు దగ్గర రైతు, మా మెడలో ఐడీ కార్డులు చూసి ఏం చేస్తారని అడిగాడు. నేనైతే "కెమిస్ట్రీ అండి" అని ఊరుకునేదాన్ని. ఆమె ఎవరు ఏమడిగినా సరిగ్గా కూర్చుని చెప్పేది.

"ఎండలోంచి కరెంటు తీసే అద్దాలు చేస్తామండి."

"అవి వచ్చినయ్ గదమ్మా. మా మోటారుకి పెట్టారు."

"అవి వేరండి. ఇది సిరా పూసినట్టు పూసెయ్యొచ్చు. పెరోవ్‌స్కైట్ అంటారు. ఎండ మీద పడితే కరెంటు దాంట్లో పండుద్ది. అయితే పండితే చాలదు గదండి. బస్తాలు మిల్లుకి చేరాలా? మొయ్యడానికి ముఠావాళ్ళు కావాలి. ఆ ముఠా పని చేసే ప్లాస్టిక్ మేం చేస్తున్నాం."

"ప్లాస్టిక్‌లో కరెంటు పోదంటారే."

"మామూలు దాంట్లో పోదండి. కొన్నిట్లో పోద్ది. వాటిని పాలిమర్లంటాం. అందరూ వాడేది ఒకటుంది గానీ అది నీళ్ళు పీల్చుకుంటది, కింద పొరని తినేస్తది. మన సముద్రం గాలికి అసలు ఆగదు. అందుకని వేరేది చూస్తున్నాం."

"మరి దొరికిందా?"

ఆమె కొంచెం ఆలోచించింది. "దొరికినట్టే ఉందండి. ఇంకోసారి చూసుకోవాలి."

ఆ "ఇంకోసారి" ఆమె ఊతపదం. ఎవరు ఎంత సంతోషంగా వచ్చి ఏం చెప్పినా, "ఇంకోసారి చేశావా?" అనేది. మెచ్చుకోవడం తెలియదు. మరీ బాగుంటే "అయితే?" అని ఊరుకునేది. ఆ ఒక్క మాటతో నేను రెండు సార్లు ఏడ్చాను కూడా.

చేతులు కడుక్కోవడం మాత్రం చూడాలి. మోచేతుల దాకా సబ్బు రాసి, గోళ్ళ సందుల్లో బ్రష్ పెట్టి కడిగేది. మా పెరోవ్‌స్కైట్‌లో సీసం ఉంటుంది. "సీసం సంగతి చేతికి తెలీదే, ఎముకకి తెలుసుద్ది" అనేది. ల్యాబులో మంచినీళ్ళు కూడా తాగనిచ్చేది కాదు. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని క్యారేజీ తెరిచేది. ఆదివారం ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండు నెత్తళ్ళ వేపుడు బుధవారం దాకా పొదుపుగా తినేది. సెల్స్ కడిగిన నీళ్ళు సింకులో పోస్తే ఊరుకునేది కాదు. ఎవరైనా పోయబోతే పక్కకొచ్చి నిలబడి నెమ్మదిగా అడిగేది. "ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయి?" కాలవలోకి అంటే, "ఆ కాలవ?" వాగులోకి అంటే, "ఆ వాగు పక్కన ఏమున్నాయి?" పొలాలు అని చెప్పేదాకా వదిలేది కాదు. ఆ నీళ్ళన్నీ డబ్బాల్లో పట్టించి బల్లల కింద పేర్చేది. వాటిని తీసుకెళ్ళేవాళ్ళు ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. కాళ్ళు పెట్టుకోవడానికి చోటు లేక మేమందరం తిట్టుకునేవాళ్ళం.

గాజుపలక మీద పాలిమర్ చుక్క వేసి గిర్రున తిప్పే యంత్రం ఒకటి ఉంటుంది. పొర సన్నగా, సమంగా పరుచుకోవాలంటే ఎంతసేపు తిప్పాలో లెక్క ఉంటుంది. మేమంతా టైమర్ పెట్టుకునేవాళ్ళం. ఆమె చర్చి పాట ఒక చరణం కూనిరాగం తీసేది. చరణం అయిపోగానే స్విచ్చి ఆపేది. ఒకసారి నేను చాటుగా టైమర్ పెట్టి చూశాను. తేడా లేదు. ముసురు పట్టి గాలంతా తడిగా ఉన్న రోజుల్లో, ఈపురుపాలెం నుంచి ఎవరో తెచ్చిచ్చిన నేత నూలు పోగుల్ని ఆ పాలిమర్‌లో ముంచి ఆరబెట్టేది. అవి ముదురాకుపచ్చగా తయారయ్యేవి. ఆ పోగు రెండు కొసలూ బ్యాటరీకీ చిన్న బల్బుకీ కలిపితే బల్బు మినుకుమినుకుమని వెలిగేది. ఎందుకు మేడమ్ ఇది అంటే, "ఊరికే. నూలుపోగులో కరెంటు పోతంటే చూట్టానికి బాగుంటది" అనేది. ఆమె ఊరికే చేసిన పని నేను చూసింది అదొక్కటే.

మా ల్యాబు పేరు బయటికి వచ్చింది ఆమె చేసిన పాలిమర్ వల్ల. పాలీఎనిలీన్ అనే పాత పదార్థానికే ఆమె ఏదో కలిపి, కరెంటును ఎక్కువ మోసేటట్టు చేసింది. ఆ పొరతో చేసిన సెల్స్‌లో కరెంటు అంతకుముందు కంటే చాలా ఎక్కువ వచ్చింది. ఆ అంకెతో ఒక పెద్ద జర్నల్లో పేపర్ అచ్చయింది. అదంతా నేను చేరకముందు జరిగినది. నేను చేరేసరికి కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ కట్టి ఉంది. సార్ బొమ్మ పెద్దది, ఆమె బొమ్మ చిన్నది, పక్కన ఆ అంకె. ఆ ఫ్లెక్సీ కింద నుంచి రోజూ తల వంచుకుని లోపలికి వచ్చేది ఆమె. నాకు మాత్రం తలెత్తి చూడాలనిపించేది. ఎందుకంటే నా థీసిస్ మొత్తం ఆ సెల్స్ మీదే. ఆ పాలిమర్‌తో చేసిన సెల్ తడిగాలిలో ఎంతకాలం నిలుస్తుందన్నది నా పని. అధ్యాయాలు రాయడం కూడా అయిపోవచ్చింది. తెనాలిలో ఒక కాలేజీలో, జూన్ కల్లా డాక్టరేట్ చేతికొస్తే పోస్టు ఇస్తామన్నారు. మా నాన్న అప్పటికే ఆ కాలేజీ ముందు నుంచి రెండు మూడుసార్లు సైకిల్ మీద తిరిగొచ్చాడని అమ్మ చెప్పింది.

అరటికాయల కొట్టు మా నాన్నది. "డాక్టరు గారూ" అని నన్ను పిలవడం ఎప్పుడో మొదలుపెట్టాడు. నేను కోప్పడితే, "అలవాటు చేసుకుంటన్నానులే" అనేవాడు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆమె నన్ను పిలిచింది. బయట వడగాలి. ల్యాబులో మేమిద్దరమే. సూర్యుడి వెలుతురుకి బదులు మేము వాడే దీపం కింద పాత సెల్ ఒకటి పెట్టి ఉంది. దాని మీద పల్చటి రేకు, రేకు మధ్యలో చిన్న కిటికీ. ఆ కిటికీలోంచే వెలుతురు సెల్ మీద పడుతుంది.

"దీపం వెయ్యి" అంది.

వేశాను. కరెంటు ఎంతో తెర మీద వచ్చింది. చాలా తక్కువ.

"సెల్ పాడైనట్టుంది మేడమ్" అన్నాను.

ఆమె రేకు తీసేసింది. "ఇప్పుడు వెయ్యి."

ఈసారి అంకె పైకి లేచింది. ఫ్లెక్సీ మీద అంకెకి దగ్గరగా వచ్చింది.

"ఇంకోసారి" అంది. రేకు పెట్టాం, తీశాం, మళ్ళీ పెట్టాం. వేరే సెల్ పెట్టి చూశాం. అన్నిటిదీ అదే వరస. ఆమె స్టూల్ మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నాకింకా అర్థం కాలేదు. అర్థం కాలేదని నా మొహం చూసి గ్రహించినట్టుంది.

"మన పాలిమర్ గాజు మొత్తం మీద పరుచుకుని ఉంటది గదా. మనం సెల్ అని లెక్కేసేది మధ్యలో ఈ చిన్న చదరమే. పాలిమర్ కరెంటుని మరీ బాగా మోస్తంది కాబట్టి, చదరం అవతల పండింది కూడా లాక్కొచ్చి ఇందులో పోస్తంది. మనమేమో అదంతా ఈ చదరంలోనే పండిందనుకుని లెక్కేశాం." రేకు చేతిలోకి తీసుకుని, "పక్క చేలో పంట మన కల్లంలో కొలుచుకున్నామే" అంది.

కిటికీ రేకు పెట్టి కొలిస్తే ఆ పొరపాటు జరగదు. ఆ పేపర్ కోసం కొలిచినప్పుడు పెట్టలేదు.

ఆ సాయంత్రమే ఇద్దరం సార్ గదికి వెళ్ళాం. సార్ గురించి ఒక మాట చెప్పాలి. చెడ్డ మనిషి కాదు. పిల్లల ఫెలోషిప్పులు ఆలస్యమైతే ఆఫీసుల చుట్టూ తనే తిరిగేవారు. అంతా విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మనం ఒక్కళ్ళమే చేశామా అమ్మా ఇది? రేకు లేకుండా కొలిచినవాళ్ళు ఎంతమంది లేరు? వచ్చే పేపర్లో సరైన అంకె వేద్దాం. పాతది దానంతటదే మరుగున పడుద్ది."

"పడదండి. ఎవరో అమ్మాయి మెయిల్ పెట్టింది సార్, ఏ ఊరో తెలీదు. మీరు రాసినట్టే చేస్తన్నాను, మీ అంకె నాకు రావట్లేదు, నా చేతిలో లోపం ఏంటో చెప్పండి అని. ఆ అమ్మాయి చేతిలో లోపం లేదండి."

సార్ నా వైపు చూపించారు. "మరి ఈ అమ్మాయి సంగతి? నెలల్లో థీసిస్ ఇవ్వబోతంది. పేపర్ వెనక్కి తీసుకుంటే ఈమె పని కింద నేల లేకుండా పోద్ది."

ఆమె నా వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. ఏదో అడుగుతుందనుకున్నాను. అడగలేదు. నేనూ ఏమీ అనలేదు.

తర్వాత కొద్ది వారాలకి ఆ పేపర్‌ని వెనక్కి తీసుకుంటున్నట్టు జర్నల్లో ప్రకటన వచ్చింది. నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుని అందరితో పాటే చదివాను. నాలుగు వాక్యాలు. కొలతలో తప్పు జరిగిందనీ, అది పూర్తిగా మొదటి రచయిత్రి అజాగ్రత్త వల్ల జరిగిందనీ, మిగతావారికి ఇందులో బాధ్యత లేదనీ ఉంది. మొదటి రచయిత్రి ఆమే.

ఫ్లెక్సీ ఎవరు తీశారో తెలియదు, మర్నాటికి గేటు మీద లేదు. కాలేజీవాళ్ళు ఆమెను పిలిపించి ఏవో అడిగారు. కాంట్రాక్టు అయిపోయాక మళ్ళీ పొడిగించలేదు. వెళ్ళేముందు రోజు ఆమె గ్లాసులన్నీ కడిగి బోర్లించింది. "వెళ్ళొస్తానే" అంది. నేను సెల్స్ చూసుకుంటున్నట్టు తల వంచుకుని ఊఁ అన్నాను.

నా థీసిస్ మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. వేరే పాలిమర్, వేరే సెల్స్. ప్రతి కొలతకీ రేకు. జూన్ వచ్చింది, పోయింది. తెనాలి పోస్టు ఇంకెవరికో వెళ్ళింది. మా నాన్న ఏమీ అనలేదు. "డాక్టరు గారూ" అనడం మాత్రం మానేశాడు. పిలిస్తే నేను బాధపడతానని కాబోలు. నా డాక్టరేట్ వచ్చేసరికి ఆయన లేడు. పట్టా తెచ్చి ఫొటో దగ్గర పెట్టమంది అమ్మ. పెట్టలేకపోయాను.

ఆ రోజుల్లో ఎవరైనా నా చదువు ఎందుకు ఇంత ఆలస్యమైందని అడిగితే ఒకే మాట చెప్పేదాన్ని. మా సీనియర్ ఒకావిడ అజాగ్రత్తగా కొలిచింది, దాని ఫలితం నేను పడ్డాను. అది అచ్చులో ఉన్న మాటే. నేను కల్పించింది కాదు.

తెనాలి స్టేషన్లో ఆమె మళ్ళీ కనిపించింది. నాకు అప్పటికి అక్కడే మరో కాలేజీలో ఉద్యోగం వచ్చి కొంతకాలం అయింది. మధ్యాహ్నం ఎండలో రేపల్లె ప్యాసింజర్ ఆగి ఉంది. కిటికీ పక్కన కూర్చుని నన్ను చూసి, సంచి సీటు మీద పెట్టి కిందికి దిగింది. రేపల్లెలో ఆడపిల్లల స్కూల్లో సైన్స్ చెబుతోందని వినే ఉన్నాను. జుట్టు బాగా నెరిసింది.

"ఎలా ఉన్నావే?"

"బాగానే ఉన్నానండి."

అక్కా అనలేదు. ఆమె అది గమనించింది.

"నాన్నగారి సంగతి తెలిసింది. వద్దామనుకున్నాను. మొహం చెల్లలేదు."

టీ అమ్మే అతను మా మధ్య నుంచి వెళ్ళాడు. ఆమె చెప్పదలుచుకున్నది ముందే కూర్చుకుని ఉంచుకుందనుకుంటాను. ఒక్క బిగిన చెప్పింది.

"వెనక్కి తీసుకుంటామని జర్నల్‌కి నిన్ను అడక్కుండా పంపించాను. అది తప్పు. పంపించటం తప్పు కాదు."

"ఆర్నెల్లు ఆగితే ఏం పోయేదండి?"

"ఆగితే నీ థీసిస్ అయ్యేది. లేని దాని మీద అయ్యేది."

"నా సంగతి నేను చూసుకునేదాన్ని గదా. పోనీ ఒక్క మాట అడగొచ్చుగా."

"అడిగితే నువ్వు వద్దనేదానివి. వద్దంటే నేను పంపగలిగేదాన్ని కాదు. అందుకే అడగలేదు."

ఆ మాటతో నాకు కోపం తగ్గలేదు, పెరిగింది. ఏళ్ళ తరబడి అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "సీసం నీళ్ళు చుక్క కింద పడనిచ్చేవారు కాదు. టైమర్ లేకుండా సెకన్లు కొలిచేవారు. మీలాంటి మనిషి రేకు పెట్టకుండా ఎలా కొలిచారండి?"

ఆమె పట్టాల వైపు చూసింది. గొంతు ఏమీ మారలేదు. "పెట్టలేదు. అంతే."

రైలు కూత వేసింది. ఎక్కి కూర్చుని, కిటికీలోంచి చెయ్యి కొంచెం ఎత్తింది. నేను ఎత్తానో లేదో నాకు తెలియదు.

తమ్ముడు ఫోన్ చేసిన మర్నాడు పొద్దున్న ఆ రేపల్లె ప్యాసింజర్‌లోనే వెళ్ళాను. స్టేషన్ నుంచి ఆటోలో వాళ్ళ ఊరు. ఇంటి ముందు పందిరి వేశారు. స్కూలు పిల్లలు యూనిఫాంలోనే వరసగా నిలబడి ఉన్నారు. పెట్టెలో ఆమె మొహం చిన్నదిగా కనిపించింది. చేతులు తెల్లటి గుడ్డ కింద ఉన్నాయి. చర్చి అయ్యగారు ప్రార్థన చేశారు. అందరం సమాధుల తోట దాకా నడిచి వెళ్ళాం. వరి చేల మధ్య నుంచి దారి. అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. నేనూ వేశాను.

వెనక్కి వచ్చేటప్పుడు చూశాను సార్‌ని. చేతికర్ర పట్టుకుని అందరికంటే వెనక ఒక్కరే వస్తున్నారు. రిటైరై చాలాకాలమైంది. నేను ఆగాను. కాలవ కల్వర్టు మీద కూర్చుందామన్నారు. కూర్చున్నాక ఊపిరి తీసుకోవడానికి కొంతసేపు పట్టింది.

"రేకు కోయించమని నన్ను అడిగిందమ్మా" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆ పేపర్ అప్పుడు. సెల్స్ చిన్నవి చేశాం, పాత రేకు కిటికీ పెద్దదైంది. కొత్తది కోయించాలి, అప్పటిదాకా కొలవద్దు సార్ అంది. ఒకసారి కాదు, మళ్ళీ కూడా అడిగింది. కాన్ఫరెన్స్ దగ్గర పడింది. సెల్ మీది ఎలక్ట్రోడ్ చదరం కొలత మనకి తెలుసు గదా, రేకెందుకు, కొలిచెయ్యమన్నాను. నేను చెప్పబట్టి కొలిచింది."

"ప్రకటనలో తన అజాగ్రత్త అని ఉంది గద సార్."

"ఆవిడ రాసిందే అది. వెనక్కి తీసుకోవాలంటే నేనూ ఒప్పుకోవాలి. నేను ఒప్పుకోలేదు. అప్పుడు వచ్చి ఆ వాక్యం రాసి నా ముందు పెట్టింది. మీ పేరు ఎక్కడా రాదు సార్, ఇప్పుడు ఒప్పుకోండి అంది."

"మీరు ఒప్పుకున్నారు."

"ఒప్పుకున్నాను." కర్ర చివరతో మట్టిలో గీస్తున్నారు. "ఒకటి అడిగాను అమ్మా ఆవిడని. ఇన్నాళ్ళూ అబద్ధపు అంకె వద్దని పోరాడి, ఇప్పుడు అబద్ధం రాస్తావేంటి అన్నాను. ఏమందో తెలుసా? ఆ అంకె నమ్మి ఎవరో దాని మీద కట్టుకుంటా పోతారు సార్, తప్పెవరిదో నమ్మి ఎవరూ ఏమీ కట్టరు అంది."

నేను కాలవ నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను. ఎవరూ కట్టరట. తండ్రి పోయిన ఇంట్లో కూర్చుని, అడిగిన ప్రతివాళ్ళకీ ఆ వాక్యమే అప్పజెబుతూ నేను గడిపిన ఏళ్ళన్నీ దాని మీద కట్టినవే. ప్లాట్‌ఫాం మీద "అంతే" అని ఆమె ఊరుకున్నప్పుడు కూడా అది ఆమెకి తెలియలేదా? లేక తెలిసే ఊరుకుందా? సార్ కోసం ఒక అబద్ధం రాయగలిగిన మనిషి, నాకు ఒక్క నిజం చెప్పలేకపోయింది. మంచిదని తలచుకుందామన్నా, కఠినమైనదని కోపం తెచ్చుకుందామన్నా, ఏదీ పూర్తిగా కుదరడం లేదు నాకు.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు సార్?"

"ఎవరూ అడగలేదమ్మా."

ఆయన మీద అరవాలనిపించింది. అరవలేదు.

"వాళ్ళ తమ్ముడికి చెప్పండి సార్. ఉద్యోగంలో ఏదో తప్పు చేసి ఇంటికొచ్చిందని ఊళ్ళో అనుకుని ఉంటారు. వాళ్ళకైనా తెలియాలి."

సరేనన్నారు. ఇద్దరం పందిరి దగ్గరికి వచ్చాం. వచ్చినవాళ్ళకి టీలు ఇస్తున్నారు. ఆమె తమ్ముడు, పొలం పనులు చేసి నల్లబడ్డ మనిషి, సార్‌ని చూసి లేచి తన కుర్చీ తెచ్చి వేశాడు. సార్ కూర్చోలేదు. అతని రెండు చేతులూ పట్టుకున్నారు. పెదవులు కదిలాయి. నేను పక్కనే నిలబడి ఎదురు చూశాను.

"మీ అక్క లాంటి మనిషిని నేను చూళ్ళేదయ్యా" అన్నారు. ఆ చేతులు వదిలి, కర్ర ఊతంగా రోడ్డు మీద ఆగి ఉన్న కారు వైపు వెళ్ళిపోయారు.

నేనే చెబుదామని అతని వైపు తిరిగాను. "మీ అక్క ఉద్యోగం విషయంలో మీకొకటి తెలియాలండి. అప్పుడు జరిగిన తప్పు ఆమెది కాదు."

"తెలుసండి" అన్నాడు అతను. "అక్క మాకు అప్పుడే చెప్పింది. సార్ ఎప్పుడన్నా మనింటికి వస్తే ఆ ఊసు ఎత్తొద్దు, పెద్దాయన సిగ్గుపడతాడు అని అమ్మకీ నాకూ గట్టిగా చెప్పి పెట్టింది." ఒక టీ గ్లాసు అందుకుని నా చేతికిచ్చాడు. "మీ గురించి ఎప్పుడూ చెప్తా ఉండేది. మీరు బాగా దగ్గర గదా, మీకూ చెప్పే ఉంటదిలెండి."

"చెప్పిందండి" అన్నాను.